గంజాయి పైరుపై వృద్ధి నియంత్రకములు: ఒక విమర్శ

మొక్క పెరుగుటకు ఎరువు కావలెనని చిన్నపిల్లలు కూడ ఎరుగుదురు. కాని మొక్కను పొడవుగా పెరుగనీయక నిలుపుటకును మందులు కలవు. వాటిని ఖరీదు పెట్టి కొని వాడువారును కలరు. వీటికి వృద్ధి నియంత్రకములని పేరు. కుండీలలోని చేమంతి పొట్టిగా, గుబురుగా ఉండుటకు వీటిని వాడుదురు. మామిడి తప్పక పూతకు వచ్చుటకు వాడుదురు. గోధుమ పైరు గాలికి పడిపోకుండుటకు వాడుదురు. తగిన పైరుపై, తగిన వేళ, తగిన మోతాదులో వాడినపుడు ఇవి వ్యవసాయమునకు చేసిన మేలు తక్కువది కాదు.

ఈ మందులే అమెరికాలో గంజాయి పెంచు కొందరి చేతులలోనికి పోయినవి. కాలిఫోర్నియా రాష్ట్రము 1996లో గంజాయిని వైద్యమునకు అనుమతించెను. తరువాత మరికొన్ని రాష్ట్రములును, 2018 అక్టోబరు 17 నుండి కెనడా దేశమును దాని విక్రయమును చట్టబద్ధము చేసినవి. అచ్చట గంజాయిని తరచు గదులలో, విద్యుద్దీపముల వెలుగున పెంచుదురు. గదికి కప్పున్నది, దీపము మొక్కకు దగ్గరగా ఉండవలెను, కనుక పొడవుగా సాగు మొక్క పెంపకందారునకు తలనొప్పి. పైగా సరకు బరువునుబట్టి అమ్ముడగును. మొక్క పొట్టిదై, పూగుత్తి గట్టిదై, తూకము హెచ్చినచో లాభము హెచ్చును. ఈ ఆశయే పాక్లోబ్యూట్రజాల్, డామినోజైడ్ అను రెండు నియంత్రకములను గంజాయి గదులలోనికి తెచ్చినది.

ఈ వాడుకను సమర్థించువారు సాధారణముగా మూడు వాదములు చెప్పుదురు. ఒకటి: ఇవి ఎన్నో ఏండ్లుగా ప్రభుత్వముల అనుమతితో ఇతర పైరులపై వాడబడుచున్నవి. రెండు: ఇవి మొక్కలలోని హార్మోనుపై పనిచేయునవి, ఆ హార్మోను మనుష్యునిలో లేదు. మూడు: సరకులో మిగులు మందు అత్యల్పము. ఈ మూడింటిలోను కొంత నిజమున్నది. అందుచేతనే వీటిని ఒక్కొక్కటిగా పరీక్షింపవలసియున్నది. పూర్తిగా అబద్ధమైన మాటకంటె సగము నిజమైన మాట ఎక్కువమందిని మోసగించును.

నియంత్రకము చేయు పని

జపానువారి వరిచేలలో ఒక తెగులు ఉండెడిది. ఆ తెగులు సోకిన నారు తక్కిన నారుకంటె విపరీతముగా పొడవు పెరిగి, పాలిపోయి, గింజ పట్టకయే పడిపోయెడిది. రైతులు దానిని వెఱ్ఱినారు అను అర్థము వచ్చు పేరుతో పిలిచిరి. 1926లో కురొసావా అను శాస్త్రజ్ఞుడు, ఈ తెగులునకు కారణమైన శిలీంధ్రమును పెంచిన ద్రవమును వడగట్టి, శిలీంధ్రము లేని ఆ ద్రవము సోకినను ఆరోగ్యమైన నారు అట్లే పొడవగునని చూపెను. అనగా నారును సాగదీయునది శిలీంధ్రము కాదు, అది విడుచు ఒక ద్రవ్యము. 1935లో యబుతా అను మరియొక జపాను శాస్త్రజ్ఞుడు ఆ ద్రవ్యమునకు జిబ్బరెల్లిన్ అని పేరు పెట్టెను. ఇట్టి ద్రవ్యములను ఆరోగ్యవంతమైన మొక్కలు కూడ తమంతట తామే తయారుచేసికొనునని అటుపిమ్మట తేలినది. కాండము సాగుటకు అవియే ముఖ్యమైన ప్రేరకములు.

మొక్క జిబ్బరెల్లినును ఒక్కమారుగా తయారుచేయదు. ఒక ద్రవ్యము మరియొకటిగా, అది వేరొకటిగా మారుచు పోవును. ఒక్కొక్క మెట్టు వద్ద ఒక్కొక్క ఎంజైము పనిచేయును. పాక్లోబ్యూట్రజాల్ ఈ మెట్లలో తొలి భాగమునందలి ఒక ఎంజైమును అడ్డగించును. డామినోజైడ్ చివరి మెట్లను అడ్డగించును. ఫలితమొక్కటే: జిబ్బరెల్లిన్ తగ్గును. కణములు విభజన చెందుచునే యుండును గాని సాగవు. కణుపులు దగ్గరపడును. మొక్క కురుచనగును.

దీనినుండి ఒక సంగతి స్పష్టమగును. నియంత్రకము ఆహారము కాదు. అది మొక్కకు నత్రజనిని గాని, భాస్వరమును గాని, పొటాషును గాని ఇయ్యదు. మొక్క ఎట్లు పెరుగవలెనో శాసించు అంతర్గత ఏర్పాటులో అది చేయి పెట్టును. గంజాయిలో వైద్యులు గాని, వాడువారు గాని కోరు ద్రవ్యములు పూగుత్తిపైనుండు సూక్ష్మమైన జిగురు గ్రంథులలో ఉండును. గుత్తి గట్టిపడినంత మాత్రమున ఆ గ్రంథులు హెచ్చినట్లు కాదు. తూకము వేరు, గుణము వేరు. బరువును చూపి గుణమును అమ్ముట ఈ వ్యాపారమునందలి మొదటి దోషము.

అనుమతి ఎవరికి, దేనికి?

ఇక మొదటి వాదము. ఇతర పైరులపై అనుమతి ఉన్నదనుట నిజమే. కాని అనుమతి మందునకు ఇచ్చు యోగ్యతాపత్రము కాదు; ఒక ప్రత్యేకమైన వాడుకకు ఇచ్చు సెలవు మాత్రమే. డామినోజైడ్ చరిత్ర ఈ భేదమును చక్కగా బోధించును.

ఈ ద్రవ్యమును అమెరికాలో 1963లో కుండీలలో పెంచు పూలమొక్కలపై వాడుటకు అనుమతించిరి. 1968లో ఆపిల్ తోటలకును అనుమతి లభించెను. ఆలార్ అను వ్యాపారనామముతో అది తోటలలో వ్యాపించెను. పండ్లు ముందుగా రాలక చెట్టుననే నిలిచి, గట్టిగా, ఎఱ్ఱగా, ఎక్కువకాలము నిలువ ఉండునట్లు తయారగుచుండుటచే తోటల యజమానులు సంతోషించిరి. పండు పైన చల్లిన మందు పండులోనికి చేరును గనుక కడిగినను, తొక్క తీసినను పూర్తిగా పోదు. అంతకంటె ముఖ్యమైన విషయమొకటి కలదు. పండ్లను పిండి రసమును కాచునపుడు డామినోజైడులో కొంత భాగము విడిపోయి డైమిథైల్ హైడ్రజీన్ అను వేరొక ద్రవ్యమగును. ఇది రాకెట్లలో ఇంధనముగా వాడు పదార్థము. 1970-80 మధ్య ఎలుకజాతి జంతువులపై జరిపిన ప్రయోగములలో ఇది కంతులను కలిగించినట్లు ప్రకటింపబడెను. అంతర్జాతీయ కాన్సరు పరిశోధన సంస్థ దీనిని మానవులకు కాన్సరు కలిగింపగల అవకాశమున్న ద్రవ్యముల వర్గమున చేర్చినది.

1985లో అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఆహారపు పైరులపై దీని వాడుకను రద్దు చేయ సంకల్పించెను. ఆనాటి ప్రయోగములు చాలవని శాస్త్ర సలహామండలి చెప్పుటచే ఆ ప్రయత్నమాగి, క్రొత్త ప్రయోగములకు ఆదేశము వెలువడెను. 1989 ఫిబ్రవరిలో ఒక టెలివిజను కార్యక్రమము ఈ విషయమును దేశమంతట చాటెను. ఆ సంవత్సరముననే తయారీదారులు ఆహారపు పైరులకు దీని విక్రయమును విరమించుకొనిరి. ప్రభుత్వమును ఆ అనుమతులను రద్దు చేసెను. పూలమొక్కలపై వాడుక మాత్రము కొనసాగెను.

ఇచ్చట గమనింపవలసినది ఇది. ద్రవ్యమొక్కటే. చేమంతిపై అనుమతి ఉన్నది, ఆపిలుపై లేదు. ఏలయన చేమంతిని ఎవరును తినరు. పూలపై అనుమతి ఉన్నది గనుక గంజాయిపైనను వాడవచ్చునను వాదము, గంజాయియు పూవే కదా యను మాటపై నిలిచియున్నది. కాని చేమంతిని కంటితో చూచి ఆనందింతురు. గంజాయి పూగుత్తిని కాల్చి ఆ పొగను ఊపిరితిత్తులలోనికి పీల్తురు. ఆపిల్ రసమును కాచు వేడికే రూపు మారు ద్రవ్యమును, నిప్పుకొన వద్ద వందల డిగ్రీల వేడిమికి గురిచేసి పీల్చుట క్షేమమని చెప్పువాడు, ఆ క్షేమమును ప్రయోగముచే నిరూపింపవలెను. చేమంతి అనుమతి ఆ నిరూపణము కాజాలదు.

మనుష్యునిలో లేని హార్మోను

రెండవ వాదము వినుటకు శాస్త్రీయముగా ఉండును. జిబ్బరెల్లిన్ మనుష్యుని దేహమున హార్మోనుగా పనిచేయదు. కనుక జిబ్బరెల్లినును అడ్డగించు మందు మనుష్యుని ఏమియు చేయదనుట. మొదటి సగము నిజము. రెండవ సగము దానినుండి రాదు.

పాక్లోబ్యూట్రజాల్ హార్మోనును తాకదు; హార్మోనును తయారుచేయు ఎంజైమును పట్టుకొనును. ఆ ఎంజైము సైటోక్రోమ్ పి-450 అను పెద్ద కుటుంబమునకు చెందినది. ఈ కుటుంబమువారు మొక్కలలోనే గాక, శిలీంధ్రములలోను, జంతువులలోను, మనుష్యులలోను కలరు. మనుష్యుని కాలేయము మందులను, విషములను విరుగగొట్టుటకు ఈ కుటుంబపు ఎంజైములనే వినియోగించును. పాక్లోబ్యూట్రజాల్ ట్రైయజోల్ జాతికి చెందినది. చర్మముపై తామర మొదలగు శిలీంధ్రవ్యాధులకు వైద్యులిచ్చు మందులు కొన్నియు, పైరుల తెగుళ్ళకు చల్లు మందులు కొన్నియు ఈ జాతివే. అవి శిలీంధ్రములలోని ఇట్టి ఎంజైమునే పట్టుకొని పనిచేయును. ఒక తాళమునకై చేసిన చెవి ఇంటిలోని మరియొక తాళమున కూడ కొంత తిరుగవచ్చును. జంతువులపై అధిక మోతాదులతో జరిపిన పరీక్షలలో పాక్లోబ్యూట్రజాల్ వలన కాలేయమున మార్పులు కనబడుట ఈ దృష్టితో చూచిన వింత కాదు.

దీనిని బట్టి పాక్లోబ్యూట్రజాల్ భయంకర విషమని చెప్పరాదు. ఒక మందు ఉద్దేశించిన పని వేరు, చేయగల పనులు వేరు అని మాత్రము చెప్పవలెను. ఈ భేదమును మరచుటయే రెండవ వాదములోని తప్పు.

అత్యల్పమైన అవశేషము

మూడవ వాదము మోతాదుకు సంబంధించినది. విషత్వము మోతాదునుబట్టి యుండుననుట రసాయనశాస్త్రమున మూలసూత్రము. కాని ఆ సూత్రమును పూర్తిగా చెప్పవలెనన్నచో, మోతాదుతోపాటు ద్రవ్యము దేహములోనికి ప్రవేశించు మార్గమును కూడ చెప్పవలెను.

ఆహారములో అవశేషములకు హద్దులు నిర్ణయించునపుడు జంతువులకు ఆ ద్రవ్యమును ఎక్కువగా ఆహారముతో పెట్టి, ఏ మోతాదు వరకు హాని కనబడలేదో చూతురు. దానిని సామాన్యముగా నూటితో భాగింతురు. జనులు దినమునకు ఆ పండును ఎంత తిందురో లెక్కించి హద్దు ఏర్పరతురు. ఈ లెక్క అంతయు నోటి ద్వారా పోవు ద్రవ్యమునకు చెందినది. నోటి ద్వారా పోయినది జీర్ణకోశము నుండి రక్తములో చేరి, దేహమంతట వ్యాపించుటకు ముందు కాలేయమును దాటవలెను. అది సింహద్వారమువద్ద కావలివాని వంటిది. పొగతో పీల్చినది ఊపిరితిత్తుల నుండి నేరుగా గుండెకు, అచ్చటినుండి దేహమంతటికి పోవును. కావలివాడు తరువాత చూచును. మామిడిపండునకు కట్టిన హద్దును గంజాయి పొగకు కొలబద్దగా వాడరాదనుటకు ఇదియే కారణము.

ఆ అవశేషము మంటలోనే కాలిపోవునని కొందరందురు. దీనికి ప్రయోగపూర్వకమైన సమాధానమున్నది. 2013లో అమెరికాలో కొందరు పరిశోధకులు గంజాయిలో నాలుగు మందులను తెలిసిన పరిమాణములలో చేర్చి, వేర్వేరు పీల్చు సాధనములతో కాల్చి, పొగలో ఎంత వచ్చుచున్నదో కొలిచిరి. ఆ నాలుగింటిలో పాక్లోబ్యూట్రజాల్ ఒకటి. వడపోత లేని సాధనములలో కొన్ని పరీక్షలందు మందు 69.5 శాతము వరకు పొగలోనికి చేరినది. దూది వంటి వడపోత ఉన్న సాధనమున ఇది చాల తగ్గినది. అనగా మంట మందును పూర్తిగా నశింపజేయుట లేదు. చాలవరకు మోసికొని పోవుచున్నది.

ఒక చిన్న లెక్క విద్యార్థులకు ఉపయోగపడును. పూగుత్తిలో పదిలక్షల పాళ్ళలో 10 పాళ్ళు మందున్నదనుకొందము. ఒక గ్రాము గుత్తిలో అది 10 మైక్రోగ్రాములు. అందులో 70 శాతము పొగలో చేరినచో 7 మైక్రోగ్రాములు. ఈ పరిమాణము చిన్నదే. ఒక్క మారు పీల్చినవాడు దీనివలన పడిపోవునని చెప్పుట అతిశయోక్తి. కాని చిన్నదను మాటకు అర్థము కావలెనన్నచో, దేనితో పోల్చి చిన్నది అని చెప్పవలెను. పీల్చు మార్గమునకై, దినదినము పీల్చువానికై కట్టిన హద్దు ఉన్నప్పుడే ఆ పోలిక సాధ్యము. తినుటకు కట్టిన హద్దును తెచ్చి పక్కన పెట్టినంతమాత్రమున పోలిక కాదు. హాని నిరూపింపబడలేదనుటకును, నిరపాయమని నిరూపింపబడినదనుటకును ఎంతో దూరమున్నది.

చీటీ చెప్పని సంగతి

ఈ మూడు వాదములకంటె తీవ్రమైన దోషము మరియొకటి కలదు. 2011 ప్రాంతమున కాలిఫోర్నియాలో ఎరువులుగా అమ్ముడగుచున్న కొన్ని ద్రవములను ప్రభుత్వ ప్రయోగశాలలు పరీక్షింపగా వాటిలో పాక్లోబ్యూట్రజాల్, డామినోజైడ్ కనబడినవి. సీసాపై అతికించిన చీటీలో వాటి పేరు లేదు. అధికారులు ఆ సరకుల విక్రయమును నిలిపివేసిరి. ఎరువు కొని పోసినాననుకొన్న పెంపకందారుడే మోసపోయినవాడైనపుడు, అతని వద్ద కొన్నవాని సంగతి చెప్పనక్కరలేదు. ఆ కొన్నవారిలో కాన్సరు చికిత్స వలన కలుగు వాంతులకు ఉపశమనము కోరి వచ్చిన రోగులును ఉందురు. నీరసించిన దేహమునకు మందుగా తీసికొన్న వస్తువులో, ఎవరును చెప్పని మరియొక మందు ఉండుటకంటె అన్యాయము వేరేమున్నది?

ఇందువలననే రాష్ట్రములు కఠినముగా ప్రవర్తించినవి. కాలిఫోర్నియా 2018 నుండి అమలుపరచిన నిబంధనలలో, గంజాయిలో అసలు కనబడగూడని 21 ద్రవ్యములను పేర్కొన్నది. డామినోజైడ్, పాక్లోబ్యూట్రజాల్ రెండును ఆ పట్టికలో ఉన్నవి. ఆరెగాన్ రాష్ట్రము పదిలక్షల పాళ్ళలో డామినోజైడునకు 1 పాలు, పాక్లోబ్యూట్రజాలునకు 0.4 పాలు హద్దుగా పెట్టినది. కెనడా 2019 నుండి మందుల అవశేషములకై తప్పనిసరి పరీక్షను ఏర్పరచినది.

భారతదేశమున గంజాయి సాగు, విక్రయము 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము క్రింద నేరము. కాని పోషకమునకు, నియంత్రకమునకు మధ్యనుండు గీత ఇచ్చటను ముఖ్యమైనదే. నియంత్రకములు 1968 నాటి కీటకనాశినుల చట్టము పరిధిలోనికి వచ్చును. 2021లో ఎరువుల నియంత్రణ ఉత్తరువులో జీవప్రేరకములను చేర్చినపుడు, ఆ చట్టమునకు లోబడిన నియంత్రకములు వాటిలోనికి రావని నిర్వచనముననే స్పష్టపరచిరి. తెలుగునాట మామిడి రైతులకు పాక్లోబ్యూట్రజాల్ క్రొత్త పేరు కాదు. దానిని పూతకు నెలల ముందుగా చెట్టు మొదట నేలలో పోయుదురు. పండును కాల్చి పీల్చరు. కనుక గంజాయిపై దాని అపాయమును చూపి మామిడిపండును నిందించుట తప్పు. మామిడిపై దాని అనుమతిని చూపి గంజాయిపై సమర్థించుటయు అంతే తప్పు. మామిడితోటలోనైనను అది నేలలో చాలకాలము నిలుచు ద్రవ్యము. ఏటేట అతిగా పోసినచో చెట్టు కురుచబారును. హద్దు అన్నిచోట్లను ఉన్నది.

భయము కూడ ఒక దోషమే

సమర్థకులను విమర్శించిన చేతితోనే ఎదుటిపక్షమును కూడ విమర్శింపవలెను. 1989లో అమెరికాలో ఆపిలుపై భయము వ్యాపించినపుడు కొన్ని పాఠశాలలు పిల్లలకు ఆపిల్ పెట్టుట మానినవి. ఆలార్ వాడని తోటలవారును నష్టపోయిరి. కొందరు తోటల యజమానులు టెలివిజను సంస్థపై దావా వేసిరి. కార్యక్రమములోని మాటలు అబద్ధములని వారు నిరూపింపలేకపోవుటచే దావా కొట్టివేయబడెను. అపాయము ఎంతయను లెక్కలో మాత్రము ప్రభుత్వ శాస్త్రజ్ఞులకును, ప్రచారకులకును భేదముండెను. అపాయమున్నదనుట ఒకటి, ఎంతయున్నదనుట మరియొకటి. రెండవదానికి కొలత కావలెను.

గంజాయి విషయముననే ఇట్టి తొందరపాటు కనబడును. గుత్తి రాయివలె గట్టిగా ఉన్నచో, కేసరములు ఎఱ్ఱబారినచో, వాసన తక్కువైనచో నియంత్రకము వాడినట్లేయని కొందరు కంటితోనే తీర్పు చెప్పుదురు. గుత్తి గట్టితనము విత్తనపు జాతినిబట్టియు, వెలుతురునుబట్టియు, ఎండబెట్టిన తీరునుబట్టియు మారును. వాసన నిలువ ఉంచిన కాలమునుబట్టి తగ్గును. పదిలక్షల పాళ్ళలో ఒక పాలు ఉన్న ద్రవ్యమును కన్ను గాని, ముక్కు గాని పట్టజాలవు. దానిని ద్రావకముతో వేరుచేసి, అణుభారమును కొలుచు యంత్రముతో ప్రయోగశాలలో గుర్తింపవలెను. గట్టి గుత్తిని నిందించువాడును, మెత్తని గుత్తిని నమ్మువాడును ఒకే పొరపాటు చేయుచున్నారు.

ఈ ఉదంతము తరగతిలో బోధించుటకు తగినది. విద్యార్థి ఏ రసాయనమును గూర్చి విన్నను నాలుగు ప్రశ్నలు వేయుట నేర్చుకొనవలెను. అనుమతి ఏ పైరునకు? ఆ పైరులో ఏ భాగము, ఏ మార్గమున దేహములోనికి పోవును? వేడికి, కాలమునకు ఆ ద్రవ్యము మరేమైన మారునా? మిగిలినది ఎంతయో ఎవరు కొలిచిరి? ఈ నాలుగింటికి సమాధానము దొరికినచోట భయమునకు తావులేదు. దొరకనిచోట ధైర్యమునకు తావులేదు. గంజాయిపై వృద్ధి నియంత్రకములను వాడువారు మొదటి ప్రశ్నకు వేరొక పైరు పేరు చెప్పుచున్నారు. తక్కిన మూడింటికి తూకము చూపుచున్నారు. తూకము వారి లాభమునకు సమాధానము. పీల్చువాని క్షేమమునకు కాదు.